చొక్కా నలగకుండా స్వర్ణముఖిని కాపాడటం ఎలా?

ఊరూ విశ్వవిద్యాలయమూ కలిసి ఏటినీ చెరువునూ సముద్రతీరాన్నీ కాపాడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందా? ప్రోగ్రాం ఆఫీసరుగా మీ పేరే వేశారా? కంగారు పడకండి. మీకన్నా ముందు ఈ బరువు మోసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ కాళ్లు తడవలేదు, ప్రమోషన్లు మాత్రం వేళకు వచ్చాయి. ఆ విద్యే ఇక్కడ వరసగా చెబుతున్నాను. శ్రద్ధగా పాటిస్తే ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఒక శాలువా, ఒక జ్ఞాపిక, న్యాక్ గుర్తింపు ఫైల్లో దండిగా పేజీలు ఉంటాయి. ఏరు ఉంటుందా అంటారా? ఏరు లేకపోయినా ఫైలు ఉంటుంది కదా.

1. ముందు మీకు అనువైన నదిని ఎంచుకోండి.

తిరుపతిలో చదువుల సంస్థలకు కొదవ లేదు. 1954లో పెట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది, 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ ఒకే ఏడు దిగాయి. మీది ఏది అని నేనడగను. ఈ చిట్కాలు ఏ గేటు లోపలైనా పనిచేస్తాయి.

అందరికీ దగ్గర్లో ఉన్నది స్వర్ణముఖి. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, కల్యాణి నీళ్లు కలుపుకుని, తిరుచానూరు పక్కగా సాగి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుంటూ నాయుడుపేట, వాకాడు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇంత పొడుగు నదిని కాపాడాలంటే మొత్తం తిరగాలేమో అనుకునేరు. అక్కర్లేదు. కారు దిగగానే ఏరు కనబడాలి, పక్కన టీకొట్టు ఉండాలి, కానుగ చెట్టు నీడ పడాలి. అలాంటి వంద గజాలు చూసుకోండి. అదే మీ నది. పైనుంచి ఏం కొట్టుకొస్తోంది, కింద ఎవరు తాగుతున్నారు అన్నవి మీ వంద గజాల అవతలి సంగతులు.

స్వర్ణముఖిలో ఇంకో సుఖం, ఏడాదిలో చాలా నెలలు ఇసకే. నీళ్లు లేని నదిని ఎవరూ పరీక్ష చేయలేరు, అందులో పిల్లలెవరూ మునగరు, కుర్చీలు కూడా నేరుగా ఏట్లోనే వేసుకోవచ్చు. చిత్తూరు వాళ్లకు ఊరి మధ్యలోనే నీవా నది ఉంది, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, పాలారూ ఉంది. గట్టి వాన పడితే తప్ప పాలారు ఎవర్నీ ఇబ్బంది పెట్టదు.

2. ఒప్పందం రాసుకోండి. చదవకండి.

ఎంఓయూ అనే కాగితం మీద రిజిస్ట్రారు సంతకం, సర్పంచి సంతకం పడాలి. సర్పంచి ఆడమనిషైతే భర్త వచ్చి పెడతాడు, ఏమీ అనకండి. కాగితం ఇంగ్లీషులో ఉంటే మేలు. ఊరివాళ్లు చదవరు, చదవకపోతే అడగరు. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ ప్రకారం ఒక్కో సంస్థ కనీసం ఐదు ఊళ్లు దత్తత తీసుకోవాలి. పదైనా తీసుకోండి. దత్తత తీసుకున్న బిడ్డకు అన్నం పెట్టాలని ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

3. ఫ్లెక్సీ దగ్గర పిసినారితనం వద్దు.

కార్యక్రమం అంతటికీ ప్రాణం ఫ్లెక్సీ. బడ్జెట్లో సగం దీనికే పెట్టండి. పైన ఎడమవైపు వీసీ గారు, కుడివైపు ఎమ్మెల్యే గారు, నడుమ రిజిస్ట్రారు, డీన్, ప్రిన్సిపాల్, కింద వరసలో కోఆర్డినేటర్లు. ఎవరి బొమ్మ ఎవరికన్నా బొటనవేలంత పెద్దదైనా ఆ తరవాత మూడు నెలలు మీకు నిద్ర ఉండదు. కాబట్టి స్కేలు పెట్టి కొలిపించండి. నది బొమ్మ చివరిగా, చోటు మిగిలితేనే. స్వర్ణముఖి ఫొటో దొరక్కపోతే గూగుల్లో ఏ కేరళ నదో పెట్టేయండి. మనది ఎప్పుడో అలాగే ఉండేదని అనుకుంటారు. ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అన్న అక్షరాలు మాత్రం ఆ ప్లాస్టిక్ గుడ్డ మీద పెద్దవిగా ఉండాలి.

కార్యక్రమం అయ్యాక ఫ్లెక్సీ విప్పే పని పెట్టుకోకండి. కట్టెలకు కట్టింది కట్టినట్టే వదిలేయండి. మొదటి పెద్ద వానకు అదే ఏట్లో పడి, నాయుడుపేట మీదుగా సముద్రం చేరుతుంది. తీరప్రాంతానికి మీ సంస్థ సేవలు చేరలేదని ఇక ఎవరూ అనలేరు.

4. చెత్త ఎత్తేటప్పుడు వెలుతురు ఎటు పడుతోందో చూసుకోండి.

నది శుభ్రం చేసే రోజు ఉదయం ఏడున్నరకు మొదలెట్టి ఎనిమిదిన్నరకు టిఫినుకు లేవాలి. ఆ గంటలో కావలసింది జియోట్యాగ్ పడిన ఫొటోలు. అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము ఫొటో కింద రావాలి. రాకపోతే ఆ రోజు నది శుభ్రం కానట్టే.

ఒక గోనెసంచి, దాని చుట్టూ పన్నెండు చేతులు. గ్లోవులు తెల్లగా ఉండాలి. మొదటి వరసలో ఆడపిల్లలు, వెనక వరసలో మీరు, పక్కన ఊరి పెద్ద. సంచిలో రెండు నీళ్ల సీసాలు, ఒక కొబ్బరిచిప్ప, ఒక పాన్‌పరాగ్ కవరు చాలు. అక్కడ చెత్త దొరక్కపోతే హాస్టల్ మెస్సు నుంచి ముందే ఒక బస్తా తెప్పించి పోయించండి. ఈ జాగ్రత్త లేక ఒక కాలేజీ బృందం అరగంట సేపు ఎండలో చెత్త కోసం వెతుక్కోవలసి వచ్చింది. అప్పటికే ఊరి ఆడవాళ్లు అమావాస్య ముందు ఒడ్డంతా ఊడ్చేసి ఉన్నారు. ఊరివాళ్లకు చెప్పకుండా వెళితే వచ్చే చిక్కులివి.

బస్తాలు ఒడ్డు మీదే వరసగా పెట్టి రండి. పంచాయతీ ట్రాక్టర్ వచ్చి తీసుకుపోతుంది. తీసుకుపోయి కింది మలుపులో అదే ఏట్లో పోస్తుంది. మీ వంద గజాలు దాటింది కాబట్టి మీకు సంబంధం లేదు. పైగా వచ్చే ఏడు మీ పక్క కాలేజీకి ఆ మలుపే దత్తత వస్తుంది.

5. మొక్కలు నాటండి. పాత గుంతల్లోనే.

6. సర్వే చేయండి, ఊరికి వెళ్లకుండా.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు సమాజసేవ ప్రాజెక్టు ఉంది, 180 గంటలు. మొదట ఊరి సామాజిక ఆర్థిక సర్వే, తరవాత అవగాహన కార్యక్రమం, ఆపైన చిన్న ప్రాజెక్టు, అన్నీ లాగ్‌బుక్‌లో రాయాలి, మెంటార్ సంతకం చేయాలి. ఉన్నత విద్యామండలి వాళ్లు ఎంతో ఆలోచించి పెట్టిన పద్ధతి ఇది. వేసవి సెలవుల్లో ఒక కుర్రాడు నిజంగా ఊళ్లో ఉండి ఏ తూము కారుతోంది, ఏ బోరు ఎండింది, ఏ వాగు ఎక్కడ మూసుకుపోయింది అని రాసుకుంటే వాడి పుస్తకం ఒక్కటే మండల ఆఫీసులో లేని సమాచారం ఇస్తుంది. అంత దూరం రానివ్వకండి.

పిల్లలకు ఇలా నేర్పండి. లాగ్‌బుక్ మొత్తం ఒక రాత్రిలో రాయొచ్చు, కానీ ఒకే పెన్నుతో రాయకూడదు. నీలం రెండు రకాలు, నలుపు ఒకటి, మధ్యలో రెండు రోజులు పెన్సిల్. పదిహేనో పేజీ మీద టీ చుక్క పడాలి. ఒక మూలన వేలితో మట్టి రాయాలి. ఊరివాళ్ల పేర్లకు ఓటరు జాబితా ఉంది. అందులోంచి తీసుకుంటే కాలం చేసినవాళ్లు కూడా తాగునీటి నాణ్యత ‘సంతృప్తికరం’ అనే చెబుతారు. బతికున్నవాళ్లను అడిగితే ఇలాంటి జవాబు రాదు.

మెంటార్లకు ఒక మాట. సంతకాలన్నీ ఒకే పూట పెట్టినా తేదీలు మాత్రం వేర్వేరుగా వేయండి. ఆదివారం పడకుండా చూసుకోండి. ఉగాది రోజు ఊరంతా ఇళ్లు తిరిగి సర్వే చేసినట్టు ఉన్న పుస్తకాలు నేను చూశాను. అంత నిబద్ధత అనుమానానికి దారితీస్తుంది.

7. ఊళ్లో తెలిసినవాడిని వేదిక ఎక్కనివ్వకండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇది కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ప్రతి చెరువు కింది ఊళ్లోనూ ఒక ముసలాయన ఉంటాడు. వాళ్ల తాతలు నీరుగంట్లు. ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు వదలాలో, కట్ట ఎక్కడ నానుతుందో, మొరవ ఎన్నో వానకు పారుతుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. సీమలో చెరువులు మరమ్మతు చేసేవాళ్లకు ఒకప్పుడు దశబంధం అని మాన్యాలు ఇచ్చేవారు. చెరువును బాగుచేసినవాడికి పొలం, పాడుచేస్తే పోతుంది. అలాంటి లెక్క ఇంకా మర్చిపోని మనిషి మైకు ముందుకొస్తే ఇలా అంటాడు: “సార్, మీరు ఈడ చెత్త ఎత్తతా ఉండారు, బాగుండాది. ఆ పైన వాగుకు అడ్డంగా లేఔటు ఏసినారే, అది సూసినారా? నీళ్లు యాడ నుంచి వొస్తాయి చెరువుకు?”

అంతే, సభ గల్లంతు. వేదిక మీద ఉన్న పెద్దమనుషుల్లో ఆ లేఔటు ఎవరిదో మీకు ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే మీ బదిలీ ఉత్తర్వు తెలుపుతుంది. కాబట్టి ముసలాయనకు ముందే శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో కూల్‌డ్రింక్ పెట్టండి. తాగుతున్న మనిషి మాట్లాడలేడు.

దీనికి మించిన గండం ఇంకోటుంది. రైతులు తామే కొలవడం నేర్చుకోవడం. 2003 తరవాత కొన్నేళ్లు చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఆ పని జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేయూతతో రైతుల ఆధ్వర్యంలోనే భూగర్భజలాల పథకం నడిచింది. పదో తరగతి మెట్టెక్కని రైతులు, ఆడవాళ్లు కూడా, రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో టేపు దించి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రాసుకున్నారు. ఊరి నడుమ బోర్డు మీద అందరికీ కనబడేలా అంకెలు వేశారు. రబీ ముందు కూర్చుని మన కింద ఇన్ని నీళ్లున్నాయి, వరి వేస్తే ఇంత పోతుంది, వేరుశనగ వేస్తే ఇంత మిగులుతుంది అని పంటల లెక్క వేసుకున్నారు. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరి బోరుకూ తాళం వేయలేదు. లెక్క చూసి ఎవరి పంట వాళ్లే నిర్ణయించుకున్నారు.

ఇలాంటిది మళ్లీ మొదలైతే మన పరిస్థితి ఏంటి? వాననూ నీటిమట్టాన్నీ రైతే చదివితే ప్రొఫెసర్ ఏం చదవాలి? కాబట్టి కొలిచే సామాను డిపార్ట్‌మెంట్ బీరువాలోంచి కదలనివ్వకండి. తాళంచెవి అటెండరు దగ్గర ఉంచండి. అటెండరును సెలవులో ఉంచండి.

8. నీళ్ల నమూనా తీస్తే ఫలితం ఊరికి చెప్పకండి.

నమూనా తీయక తప్పదంటే కల్యాణి డ్యాం దగ్గర తీయండి. 1977 నాటి డ్యాం, కొండల మధ్య నీళ్లు తేటగా ఉంటాయి. డ్రైనేజీ కలిసే చోట తీయడం అనవసరపు సాహసం. సీసా మీద చీటీ అంటించడం మర్చిపోండి. నెల రోజులు ఫ్రిజ్‌లో, పాలప్యాకెట్ల పక్కన ఉంచండి. పరీక్ష అయ్యాక వచ్చిన అంకెలను ఇంగ్లీషు పత్రంగా రాసి, శీర్షిక మధ్యలో తప్పనిసరిగా రెండు చుక్కలు పెట్టి, ఏ దూరదేశం జర్నల్‌కో పంపండి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మనిషి ఆ నీళ్లు తాగొచ్చా, పశువులకు పెట్టొచ్చా అని అడిగితే ‘పబ్లికేషన్ దశలో ఉంది’ అనండి. ఆ మాటకు ఎదురు ప్రశ్న ఇంతవరకు పుట్టలేదు.

9. ఇసక కనిపించకూడదు.

మీ ఫొటోలో వెనకగా ట్రాక్టర్లు ఇసక ఎత్తుకుపోతుంటే బొమ్మను కత్తిరించండి. 2002లో జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం వచ్చింది, అందులో ఇసక తవ్వకాల సంగతీ ఉంది అని ఏ లా కాలేజీ కుర్రాడో గుర్తుచేస్తే వాడికి వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి ఇచ్చి పంపేయండి. ఉపన్యాసంలో ఎప్పుడూ ఒక్క నేరస్థుడినే చూపాలి: పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టని విద్యార్థి. నదులు ఎండిపోవడానికి వాడే కారణమని గట్టిగా చెబితే ఎవరికీ కోపం రాదు, విద్యార్థికి కూడా. ఎందుకంటే హాస్టల్లో కొళాయికి నీళ్లే రావు.

ఆక్రమణల గురించి సిద్ధంగా ఉంచుకోవలసిన జవాబు ‘ప్రకృతి ప్రకోపం’. 2021 నవంబరులో తిరుపతి పేటల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, స్వర్ణముఖి ఒడ్లు తెగ్గోసింది, రాయలచెరువు కట్ట కారుతోందని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. శ్రీకృష్ణదేవరాయల కాలం చెరువని చెప్పుకునే ఆ కట్ట దగ్గర జనం రాత్రంతా ఇసక బస్తాలు వేస్తుంటే, నీళ్లు ఏ దారిన వచ్చాయి, ఆ దారిలో ఎవరు గోడలు కట్టారు అన్న ప్రశ్న చాలామందికి తట్టింది. మీకు తట్టకూడదు. వానలు తగ్గాక ఒక సెమినార్ పెట్టండి, ఏసీ హాల్లో. ‘వాతావరణ మార్పు’ అని పేరు పెట్టండి. అది అందరి తప్పు, అంటే ఎవరి తప్పూ కాదు.

10. పులికాట్‌కు ఆదివారం వెళ్లండి.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, సూళ్లూరుపేట అందులోకి వచ్చింది. దాంతో మన ఖాతాలో తీరం కూడా పడింది. చిల్కా తరవాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. ఒకే డీజిల్‌తో నదీ సముద్రమూ రెండూ రక్షించవచ్చు.

జనవరిలో వెళ్లండి, ఫ్లెమింగోలు ఉంటాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. బస్సు అక్కడ ఆపి ఫొటోలు తీసుకోండి. ఆ రోడ్డు కట్ట వల్లే ఆటుపోట్ల నీరు అటూ ఇటూ సరిగా తిరగడం లేదని ఎవరైనా అంటే బైనాక్యులర్ వాళ్ల చేతికిచ్చి పక్షి వైపు తిప్పండి.

దారిలో నేలపట్టు వస్తుంది. 1976 నుంచి పక్షుల రక్షితకేంద్రం. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. రెట్టలు పడ్డ ఆ చెరువు నీళ్లు పొలానికి బలమని రైతులు పక్షుల జోలికి వెళ్లరు, ఎవర్నీ వెళ్లనివ్వరు. ఏ విశ్వవిద్యాలయమూ దత్తత తీసుకోకముందు నుంచే ఇది నడుస్తోంది. ఇలాంటి చోట మీ ఫ్లెక్సీకి పని తక్కువ. బస్సు ఆపకుండా పోనివ్వండి.

సరస్సు దగ్గర జాలర్లను పడవ నడపడానికి మాత్రమే పిలవండి. కబుర్లలోకి దించారో, రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు ఇసక మేటలు వేసి పూడిపోయాయని, సముద్రపు నీళ్లు లోపలికి రాకుంటే చేప రాదు, రొయ్య రాదు అని మొదలుపెడతారు. చిల్కాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచాక ఉప్పదనం తిరిగొచ్చి చేపలు పెరిగిన సంగతి మీకు తెలిసినా చెప్పకండి. ‘మరి మాకెప్పుడు సార్’ అంటారు. అమెరికాలో 1966 నుంచి సీ గ్రాంట్ పేరుతో విశ్వవిద్యాలయాలు తీరంలో మనుషులను పెట్టి, జాలర్ల ప్రశ్నలు తెచ్చి పరిశోధకుల ముందు పెడుతున్నాయట. ప్రశ్నలు ఊరి నుంచి రావడం, జవాబులు ఊరికి పోవడం! మన దగ్గర ప్రశ్నలు పీహెచ్‌డీ గైడు దగ్గర పుడతాయి, జవాబులు లైబ్రరీలో నిద్రపోతాయి. మధ్యలో ఊరిని ఎందుకు లేపడం?

భోజనానికి మాత్రం చేపల పులుసు అడగండి.

11. సాకులు సంచిలో ఉంచుకోండి.

ఫండ్స్ రిలీజ్ కాలేదు. సెమిస్టర్ పరీక్షలు. ఎన్నికల కోడ్ అమల్లో ఉంది. బస్సు ఎఫ్‌సీ అయిపోయింది. బ్రహ్మోత్సవాల బందోబస్తు. ఇది ఇరిగేషన్ వాళ్ల పరిధి. ఇరిగేషన్ వాళ్లు అడిగితే పంచాయతీ పరిధి. పంచాయతీ వాళ్లు అడిగితే కాలుష్య నియంత్రణ మండలి. మండలి వాళ్లు మాత్రం ఫోను చేసి మీరే కదా దత్తత తీసుకున్నది అంటారు, ఆ ఒక్క ఫోను ఎత్తకండి.

12. ఊరివాళ్లే క్యాంపస్‌కు వస్తే?

అరుదే గానీ జరుగుతుంది. ఏదో ఒక సోమవారం నలుగురు మనుషులు, ఒక ఆడమనిషి చంకలో పిల్లతో, సీసాలో నల్లటి నీళ్లు పట్టుకుని మీ గది ముందు నిలబడతారు. “సామీ, మీరు మా ఊరిని దత్తత తీసుకున్నోళ్లంట గదా. ఈ నీళ్లు ఏమైనాయో రోంత సూసి చెప్పండి” అంటారు. బెదరకండి. నవ్వుతూ కూర్చోమనండి, కుర్చీలు లేకపోతే నిలబడమనండి. అర్జీ మూడు కాపీలు కావాలనండి, ఆధార్ జిరాక్స్ జతచేయాలనండి. నమూనా పరీక్షకు ఫీజు చలానా బ్యాంకులో కట్టాలని, బ్యాంకు ఈ రోజు సెలవని చెప్పండి. ల్యాబ్ అసిస్టెంట్ భోజనానికి వెళ్లాడనండి, టైము పదకొండే అయినా సరే. ఇంకా కదలకపోతే వాళ్లతో ఒక ఫొటో తీసుకోండి. జియోట్యాగ్ ఆన్ చేయడం మర్చిపోవద్దు, న్యాక్‌లో ‘సమాజంతో ముఖాముఖి’ కింద వేసుకోవచ్చు. సీసా మాత్రం బల్ల మీద పెట్టనివ్వకండి. మూత సరిగా ఉండదు, ఫైళ్లు తడుస్తాయి.